లారీకి ఆయాసము

బరువు మోయు మనిషికి ఆయాసము వచ్చినచో అనుభవము గల వైద్యుడు వెంటనే మందు వ్రాయడు. నాడి చూచును, నాలుక చూపుమనును, ఏమి తింటివని అడుగును, ఎంత బరువు మోసితివని విచారించును. దోషము ఊపిరితిత్తులలో ఉన్నదో, నెత్తురులో ఉన్నదో, మోసిన బరువులోనే ఉన్నదో తేల్చుకొని, పిమ్మట చికిత్సకు పూనుకొనును. లారీ విషయమున మనము ఈపాటి ఓర్పు చూపుట లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పాత డీజిలు లారీని నమ్ముకొని బ్రతుకు కుటుంబములలో తరచుగా వినబడు మాట ఒకటి కలదు: "బండి గుంజుతలేదన్నా, పొగ కొడుతున్నది." ఆ మాట చెవిని పడగానే "టర్బో పోయింది, మార్చాలె" అను తీర్పు వెలువడును. అప్పో సప్పో చేసి టర్బో మార్చుదురు. ఒక్కొక్కప్పుడు బండికి దానితో ఏమాత్రము గుణము కనబడదు. మరియొకప్పుడు కొన్నాళ్లు చక్కగా నడిచి, కొత్త టర్బో సైతము పాతదాని దారినే పోవును.

ఇట్లు జరుగుటకు కారణము ఒక్కటే. టర్బో తనంతట తాను చచ్చుట మిక్కిలి అరుదు. దానిని దుమ్ము చంపును, మురికి ఆయిలు చంపును, లేక మన తొందర చంపును. చంపినవాడు ఇంట్లోనే ఉండగా కొత్త ప్రాణిని తెచ్చి అదే ఇంట పెట్టుట వలన ప్రయోజనమేమి? కావున టర్బో నిజముగా అరిగినదా, అరిగినచో ఎందుకు అరిగినది, దానిని మార్చునపుడు ఏ జాగ్రత్తలు వహింపవలెను అను మూడు విషయములను నేడు వరుసగా విచారింతము.

ముందుగా టర్బో అనగా ఏమో తెలిసికొనవలెను. డీజిలు మండుటకు గాలి కావలెను. ఒక కిలో డీజిలు పూర్తిగా మండవలెనన్న సుమారు పదునాలుగున్నర కిలోల గాలి అవసరము. ఇంజనుకు మరింత బలము కావలెనన్న మరింత డీజిలు పోయవలెను. కాని గాలి చాలక డీజిలు పోసినచో అది బలముగా మారదు, నల్లని పొగగా మారును. పొయ్యిలో కట్టెలు కుక్కి ఊదుగొట్టము మరచిన గృహిణికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. టర్బో ఇంజనుకు ఊదుగొట్టము వంటిది. విశేషమేమనగా ఆ ఊదుటకు వేరొక శక్తి అక్కరలేదు. సైలెన్సరు గుండా వృథాగా బయటికి పోవు వేడి పొగయే ఒక చక్రమును త్రిప్పును. ఆ చక్రము తిరుగు ఇరుసుకు రెండవ కొనయందు మరియొక చక్రము ఉండును. అది బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి నెట్టును. మొదటిదానిని పొగ చక్రమనియు, రెండవదానిని గాలి చక్రమనియు మనము పిలుచుకొందము. ఈ రెండింటి నడుమ ఇరుసు తిరుగు భాగమును మిస్త్రీలు కోర్ అందురు.

జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో జయప్రదముగా నడిపి చూపెను. ఇంజను వదలిన పొగతోనే ఇంజనుకు గాలి ఊదవచ్చునను ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందెను. మొదట అది ఓడలకును, పెద్ద పెద్ద స్థిర యంత్రములకును ఉపయోగపడినది. లారీలలో ప్రవేశించుటకు చాల కాలము పట్టినది. మన దేశమున టర్బో లారీలు విస్తరించినది 1990 తరువాతనే. టాటా, కమిన్స్ సంస్థలు కలిసి 1993లో ఏర్పరచిన సంస్థ జంషెడ్‌పూరులో టర్బో ఇంజనులను తయారుచేయసాగెను. ఆ కాలపు టాటా లారీల పేర్లలో అంకెల ప్రక్కన కనబడు "టి.సి." అను అక్షరములు టర్బోకు గుర్తు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజ్ 6 నిబంధనల ప్రకారము తయారైన కొత్త లారీలలో ఇంజను పనిని కంప్యూటరు కనిపెట్టుచుండును, దోషమును అదియే కొంతవరకు చెప్పును. మనము మాటలాడుచున్నది అట్టి కంప్యూటరు లేని పాత లారీల గురించి. వాటిలో డీజిలు పంపు గేర్లతో నడుచును. దోషమును కన్ను, చెవి, చేయి చెప్పవలసినదే.

టర్బో పని ఎంత సున్నితమో ఒక లెక్క వలన గ్రహింపవచ్చును. మన ఇంటి పంకా నిముషమునకు సుమారు 350 చుట్లు తిరుగును. లారీ టర్బో బరువు మీద నిముషమునకు 90,000 చుట్లు తిరుగుట సామాన్యము. అనగా సెకనుకు 1,500 చుట్లు. ఏడు సెంటీమీటర్ల చక్రము అంత వేగమున తిరిగినచో దాని అంచు సెకనుకు 330 మీటర్లు పరుగెత్తును. ధ్వని వేగము ఇంచుమించు అంతే. ఒక ప్రక్క పొగ వేడి 600 డిగ్రీలను దాటుచుండును, వేరొక ప్రక్క చల్లని గాలి ప్రవహించుచుండును. నడుమ ఆ ఇరుసును మోయునది పలుచని ఆయిలు పొర మాత్రమే. లోహము లోహమును తాకదు; ఇరుసు ఆయిలులో తేలియాడుచుండును. ఆ పొర కొద్ది సెకనులు ఎండినను చాలు, అరుగుదల ప్రారంభమగును.

ఇక మన నేల సంగతి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగరు జిల్లా నుండి విడివడి ఏర్పడిన ఈ మూడు జిల్లాలలో లారీకి మూడు విధములైన పరీక్షలు ఎదురగును. హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోవు 44వ జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరుల మీదుగా వచ్చి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూరు చౌరస్తాల మీదుగా తుంగభద్ర దాటి కర్నూలు చేరును. అది చక్కని రోడ్డు. కాని ఎండకాలమున గంటల తరబడి నిండు బరువుతో నడుపవలసినది. 45 డిగ్రీల ఎండలో గాలి పలుచబడును. 15 డిగ్రీల చల్లని గాలితో పోల్చినచో అదే లీటరు గాలి సుమారు పదవ వంతు తేలిక. కావున వేసవిలో బండి కొంత మందగించుట టర్బో తప్పు కాదు.

రెండవ పరీక్ష దుమ్ము. జలాశయముల కట్టల మీద, కాలువల వెంట, ఎర్రమట్టి బాటలలో తిరుగు టిప్పర్ల వెనుక మనిషి కనబడనంత దుమ్ము లేచును. గద్వాల నడిగడ్డలో ప్రత్తి విత్తనముల సాగు ఎక్కువ. ప్రత్తి మోయు బండ్లకు దూది నూగు గాలిగొట్టము మూతిని కప్పును. వరి కోతల కాలమున వడ్ల దుమ్ము వచ్చి చేరును. ఆరు లీటర్ల ఇంజను నిముషమునకు 2,400 చుట్లు తిరుగునపుడు టర్బో లేకున్నను నిముషమునకు ఏడు వేల లీటర్ల గాలి త్రాగును. టర్బో ఉన్నచో ఇంకను ఎక్కువ త్రాగును. అంత గాలితో ఎంత దుమ్ము రాగలదో ఊహించుకొనవచ్చును. మూడవ పరీక్ష ఘాటు. నాగర్‌కర్నూలు జిల్లాలో మన్ననూరు దాటి నల్లమల అడవి గుండా దోమలపెంట మీదుగా శ్రీశైలము పోవు రోడ్డున మలుపులును, ఎత్తుపల్లములును మెండు. ఆ అడవిలో బండి ఆగినచో పిలిచిన పలుకు మిస్త్రీ దొరకడు.

రోగ పరీక్షలో మొదటి సూత్రము పొగ రంగును చూచుట. బరువుతో ఎత్తు ఎక్కునపుడు నల్ల పొగ వచ్చుచు బండి గుంజనిచో డీజిలుకు తగిన గాలి అందుట లేదని అర్థము. లేదా నాజిళ్లు చెడి డీజిలు సరిగా చిమ్ముట లేదని అర్థము. నీలి పొగ వచ్చినచో ఆయిలు మండుచున్నది. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్ల పొగ ఆగనిచో డీజిలు మండకుండ పోవుచున్నదో, నీరు సిలిండరులోనికి చేరుచున్నదో చూచుకొనవలెను. అది టర్బో లక్షణము కాదు. నల్ల పొగయు లేక, నీలి పొగయు లేక, బండి మాత్రము గుంజనిచో అనుమానము టర్బో మీద కంటె డీజిలు ఫిల్టరు మీద పోవలెను. ఇంజను బొయ్యిమని అరచుచు బండి ముందునకు సాగనిచో అది క్లచ్చి జారుట. చక్రములు పట్టివేసినట్లు వేడెక్కినచో అది బ్రేకు పట్టుకొనుట. ఇవన్నియు డ్రైవరు నోట "గుంజుతలేదు" అను ఒక్క మాటగానే వెలువడును. ఆ ఒక్క మాటలోని ఇన్ని రోగములను విడదీయుటయే మిస్త్రీ విద్య.

నల్ల పొగకు మొట్టమొదట చూడవలసినది ఎయిర్ ఫిల్టరు. అది మూసికొని పోయినచో ఎంత మంచి టర్బో అయినను ఏమి పీల్చగలదు? తరువాత టర్బో నుండి ఇంజను వరకు పోవు గాలి హోసులను, క్లిప్పులను చూడవలెను. పాత బండ్లలో రబ్బరు హోసు అడుగు భాగమున చీలి ఉండును, పైకి కనబడదు. బరువు పడినపుడు నోరు తెరచి, బుస్సుమని గాలి విడుచును. ఇంజను నడుచుచుండగా సబ్బు నీరు పూసి, ఒకరు ఎక్సిలేటరు నొక్కగా మరియొకరు బుడగల కొరకు చూడవలెను. అట్లు చూచువారు ఫ్యాను బెల్టుకు దూరముగా నిలువవలెను. ఇంటర్‌కూలరు ఉన్న బండ్లలో దాని కొసలను గూడ ఇట్లే పరీక్షింపవలెను. పిమ్మట ఇంజనుకును టర్బోకును నడుమ పొగ పోవు మానిఫోల్డు అతుకులను చూడవలెను. అచ్చట నల్లని మసి చారలు కనబడినచో గాస్కెట్ పోయినదని అర్థము. పొగ చక్రమును త్రిప్పవలసిన పొగ దారిలోనే తప్పించుకొనుచున్నది. టర్బోకు బలమెక్కడిది?

ఇంకొక చిన్న గొట్టము కలదు. దానిని పలువురు గమనింపరు. గాలి మానిఫోల్డు నుండి డీజిలు పంపు మీది డబ్బీకి పోవు సన్నని గొట్టమది. టర్బో గాలి ఎక్కువైనపుడు డీజిలును పెంచుమని పంపునకు కబురు చెప్పునది ఇదియే. ఇది పగిలినను, ఊడినను, టర్బో మంచిగానే ఉన్నను, పంపు డీజిలు పెంచదు. పొగ లేకుండనే బండి నీరసించును. కొద్దిపాటి గొట్టము కొరకు టర్బో మార్చుట ఇంటిలో దీపము వెలుగుట లేదని ఇల్లు అమ్ముకొనుట వంటిది.

చెవి కూడ సాక్ష్యము చెప్పును. టర్బో సన్నగా, నునుపుగా ఈల వేయుట దాని సహజ స్వరము. ఆ స్వరము సైరను వలె పెద్దదైనను, లోహము గీరిన చప్పుడు కలిసినను, చక్రము గోడను తాకుచున్నదని అనుమానింపవలెను. ఇంజను ఆపిన పిమ్మట టర్బో క్షణము కూడ ఆగక నిలిచిపోయినచో అదియు మంచి సూచన కాదు.

ఇవన్నియు చూచి, వాటిలో దోషము లేదని తేలిన తరువాతనే టర్బో మీద చేయి వేయవలెను. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారనీయవలెను. గాలి చక్రము వైపు హోసును ఊడదీసి, దీపము పెట్టి చూడవలెను. రెక్కల అంచులు కత్తి వలె పదునెక్కి, అరిగి, నునుపుగా మెరయుచున్నచో దుమ్ము తిన్నదని గుర్తు. రెక్క విరిగినచో, నొక్కుకొని పోయినచో, నట్టో, రాయియో, గుడ్డ పీలికయో లోనికి పోయినది. తరువాత ఇరుసును వ్రేళ్లతో త్రిప్పవలెను. అది సుళువుగా తిరుగవలెను. త్రిప్పుచు ఒక ప్రక్కకు నొక్కినపుడు రెక్కలు గోడను తాకరాదు. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఆయిలు లేనపుడు ఇరుసు ప్రక్కలకు కొద్దిగా కదలుట సహజము. ఆ నిర్మాణమే అట్టిది. ఆ కదలిక చూచి "పోయింది" అనుట తొందరపాటు. కాని ఇరుసును ముందునకు, వెనుకకు లాగి నెట్టినపుడు చేతికి తెలిసీ తెలియనంత కదలిక మాత్రమే ఉండవలెను. డయలు గేజితో కొలిచినచో సాధారణముగా అది మిల్లీమీటరులో పదవ వంతుకు లోపల ఉండును. ఖచ్చితమైన కొలత తయారీదారు పుస్తకమున ఉండును. టక్కుటక్కుమని కదలినచో టర్బో ఆయువు తీరినట్లే.

నీలి పొగ విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. ఆయిలు పోవుచున్నది అనగానే టర్బోను నిందించుట పరిపాటి. టర్బో ఇరుసుకు ఉన్న అడ్డుకట్ట సన్నని రింగులు మాత్రమే. లోపలి ఒత్తిడులు సమముగా ఉన్నంత కాలమే ఆ రింగులు ఆయిలును ఆపగలవు. ఎయిర్ ఫిల్టరు మూసికొని పోయినచో గాలి చక్రము ఆయిలునే పీల్చును. టర్బో నుండి ఆయిలు క్రిందికి దిగు లావు గొట్టము నలిగినను, మడ్డితో మూసికొని పోయినను, దిగుటకు దారి లేక ఆయిలు రింగులను దాటును. ఇంజను పిస్టన్ రింగులు అరిగి, క్రింది పెట్టెలో ఒత్తిడి పెరిగినను ఇదే ఫలితము. ఇంజను నెమ్మదిగా నడుచునపుడు ఆయిలు పోయు మూతను తెరచి చూచినచో అరుగుదల తెలియును. గప్పుగప్పున పొగ ఎగజిమ్మినచో దోషము ఇంజనులో ఉన్నది. చివరి పరీక్ష: పొగ మానిఫోల్డు నుండి టర్బోను విడదీసి చూడుడు. మానిఫోల్డు లోపలనే ఆయిలు తడి ఉన్నచో ఆయిలు ఇంజను నుండి వచ్చుచున్నది. మానిఫోల్డు పొడిగా ఉండి, టర్బో దాటిన పిమ్మట సైలెన్సరు గొట్టమున తడి ఉన్నచో ఆయిలు టర్బో నుండి వచ్చుచున్నది. వేలు పెట్టి చూచు ఈ ఒక్క పరీక్ష ఎంత వ్యర్థ వ్యయమునైనను ఆపగలదు.

టర్బో పోయినదని తేలినచో కొత్తది కొనుటకు ముందు పాతదాని మరణ కారణము తెలిసికొనవలెను. కోర్ విప్పినపుడు ఇరుసు నీలముగా మాడి ఉన్నచో ఆయిలు అందలేదు. ఇరుసు మీద గాజుల వలె గీతలు పడి ఉన్నచో ఆయిలు అందినది గాని అందులో మురికి ఉన్నది. నల్లని బొగ్గు పెళుసుగా పేరుకొని ఉన్నచో బరువు మీద వచ్చిన వేడి ఇంజనును ఆ క్షణమే ఆపివేయు అలవాటు ఉన్నది. రెక్కలు అరిగి ఉన్నచో ఫిల్టరు దుమ్మును ఆపుట లేదు. లేదా ఫిల్టరు తరువాతి హోసు చిరిగి ఉన్నది. ఈ కారణమును సరిదిద్దక కొత్త టర్బో బిగించు మిస్త్రీ చేతికి పని దొరకును. యజమానికి అప్పు మిగులును.

కొనుటలో మూడు దారులు కలవు. తయారీదారు కొత్త టర్బో మొదటిది. కోర్ మాత్రము మార్చి, పెంకులను శుభ్రపరచి వాడుకొనుట రెండవది. పెంకులు పగుళ్లు లేకుండ, రెక్కలు తాకిన గీతలు లేకుండ ఉన్నచో రెండవ దారి దోషము లేనిదే. కాని ఆ కోర్‌ను యంత్రము మీద తూకము సరిచేసి ఇచ్చిరా అని అడుగవలెను. సెకనుకు 1,500 చుట్లు తిరుగు వస్తువులో బియ్యపు గింజలో అణువంత తేడా ఉన్నను అది సుత్తి దెబ్బగా మారును. తూకము చూడక, బుష్షులు మాత్రము వేసి బిగించి ఇచ్చు మరమ్మతు మూడవ దారి. అది చౌకగా కనబడును గాని, చివరకు అన్నింటి కంటె ఖరీదైనది. ఏ దారిలో కొన్నను టర్బో మీది రేకుపై ఉన్న నంబరు పాతదానితో కలియవలెను. రసీదు తప్పక తీసికొనవలెను.

ఇక బిగింపు. బండిని చదునైన తావున నిలిపి, చక్రములకు రాళ్లు వేసి, బ్యాటరీ తీగ ఊడదీయవలెను. పాత ఆయిలును వేడిగా ఉన్నపుడే దించివేయవలెను. తక్కిన పని ఇంజను చల్లారిన తరువాతనే. మానిఫోల్డు స్టడ్డులు తుప్పు పట్టి ఉండును. ముందు రోజు సాయంకాలమే వాటికి తుప్పు వదలించు నూనె పట్టించి ఉంచినచో విరుగకుండ వచ్చును. పై నుండి వచ్చు సన్నని ఆయిలు గొట్టమును, క్రిందికి దిగు లావు గొట్టమును, గాలి హోసులను, సైలెన్సరు గొట్టమును విప్పి, పిమ్మట నాలుగు నట్లు విప్పి టర్బోను దించవలెను. నీటితో చల్లబడు రకమైనచో ముందుగా నీటిని దించవలెను. తెరచి ఉన్న ప్రతి నోటిని శుభ్రమైన గుడ్డతో మూయవలెను. ఎన్ని గుడ్డలు పెట్టితిమో లెక్క వ్రాసికొనవలెను. మరచిన గుడ్డ పీలిక కొత్త టర్బోకు యమదూత.

పాత టర్బో రెక్క విరిగియున్నచో ఆ ముక్కలు ఎక్కడికి పోయినవో వెదకక తప్పదు. గాలి గొట్టములను, ఇంటర్‌కూలరును విప్పి కడుగవలెను. సన్నని ఆయిలు గొట్టమును కడిగి వాడుటకంటె కొత్తది వేయుట మేలు. లోపల పేరుకొన్న బొగ్గు కంటికి కనబడదు. లావు గొట్టమును శుభ్రపరచి, వంపులు లేకుండ నిటారుగా దిగునట్లు చూడవలెను. ఆయిలు అందులో ఎవరును నెట్టక తన బరువుతోనే దిగవలెను. కొత్త ఆయిలు, కొత్త ఆయిలు ఫిల్టరు, కొత్త ఎయిర్ ఫిల్టరు వేయకుండ కొత్త టర్బో వేయరాదు. గాస్కెట్లన్నియు కొత్తవే కావలెను. ఆయిలు దారులలో గాస్కెట్ మీద జిగురు పూయు అలవాటును మానవలెను. ఆ జిగురు ఊడి, ముద్దయై, ఆయిలు రంధ్రమును మూసివేయును.

బిగించిన తరువాత అసలైన ఘడియ వచ్చును. కొత్త టర్బో లోపల ఆయిలు లేదు. అట్లే సెల్ఫ్ కొట్టి ఎక్సిలేటరు నొక్కినచో ఆయిలు చేరులోపల ఇరుసు మాడిపోవును. కావున ఆయిలు గొట్టము తగిలింపక ముందే పై రంధ్రములో శుభ్రమైన ఆయిలు పోసి, చక్రమును చేతితో త్రిప్పవలెను. తరువాత గొట్టము తగిలించి, ఇంజను అంటుకొనకుండ స్టాపు లాగి పట్టుకొని, ఆయిలు ఒత్తిడి ముల్లు లేచునంత వరకు సెల్ఫ్ కొట్టవలెను. ఒక్క ఊపున కాక, ఆపి ఆపి కొట్టినచో సెల్ఫ్ మోటారు కాలదు. ముల్లు లేచిన పిమ్మట ఇంజనును అంటించి, మూడు నాలుగు నిముషములు నెమ్మదిగా నడుపవలెను. ఆ సమయమున అతుకులన్నింటిని చూచి, కారుట లేదని తెలిసికొనవలెను. మొదటి పరుగు తేలిక బరువుతో పోయి వచ్చి, నట్లను మరల ఒకమారు చూచుకొనవలెను.

ఒక ప్రమాదమును ఇచ్చట చెప్పక విడువరాదు. టర్బో రింగులు పూర్తిగా విఫలమైనచో ఇంజను తన ఆయిలునే డీజిలుగా త్రాగి, ఎక్సిలేటరు నొక్కకున్నను వేగము పెంచుకొనుచు అరవసాగును. స్టాపు లాగినను ఆగదు, తాళము త్రిప్పినను ఆగదు. పంపు డీజిలు మానినను ఆయిలు మానదు గదా! బండి నడుచుచున్నచో క్లచ్చి నొక్కరాదు. పై గేరులో ఉంచి, బ్రేకు గట్టిగా పట్టి, బరువుతో ఇంజనును ఆపవలెను. నిలిచియున్న బండి అయినచో గాలి పీల్చు నోటిని గట్టి చెక్క పలకతో మూసినచో ఊపిరాడక ఆగును. చేయి మాత్రము అడ్డు పెట్టరాదు. దగ్గరకు పోవుటకు వీలు కానిచో మనుష్యులను దూరముగా పంపుటయే ఉత్తమము. ఇంజను మరియొకటి కొనవచ్చును. ఆయిలు తగ్గుచున్నదని తెలిసియు, నీలి పొగ కనబడుచున్నను, "ఈ ఒక్క ట్రిప్పు పోయి వచ్చెదను" అని నల్లమల రోడ్డెక్కుట ఇందుకే కూడదు.

టర్బోకు ఆయువు పోయునది పెద్ద ఖర్చు కాదు, చిన్న అలవాట్లు. ఉదయము ఇంజను అంటించిన వెంటనే బరువెక్కింపక ఒకటి రెండు నిముషములు నెమ్మదిగా నడుపవలెను. ఘాటెక్కి వచ్చినను, నిండు బరువుతో పరుగెత్తి వచ్చి ధాబా వద్ద నిలిపినను, వెంటనే తాళము త్రిప్పక మూడు నుండి ఐదు నిముషములు నెమ్మదిగా నడువనీయవలెను. ఇంజను ఆగిన క్షణమే ఆయిలు ఆగును. టర్బో మాత్రము కొంతసేపు తిరుగుచుండును, దాని వేడి లోపలి ఆయిలును బొగ్గు చేయును. అట్లని గంటల తరబడి ఊరక నడుపుటయు మంచిది కాదు. తక్కువ ఒత్తిడిలో ఆయిలు రింగులను దాటి కారును. దుమ్ము బాటలలో తిరుగు టిప్పర్లకు ఆయిలు మార్పును కిలోమీటర్ల లెక్కన కాక పని గంటల లెక్కన చూచుకొనవలెను. కాగితపు ఫిల్టరును టైరుకు వేసి బాదరాదు. లోపలి నుండి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టవలెను. తరువాత లోపల దీపము పెట్టి చూచినపుడు సూది మొనంత వెలుతురు కనబడినను పారవేయవలెను. చిరిగిన ఫిల్టరు ఉన్నదను ధైర్యము, ఫిల్టరు లేదను భయము కంటె హానికరము.

ఇంటిలో కూర్చుండి వినుచున్న గృహిణులకు ఈ ప్రసంగముతో పనియేమని తోచవచ్చును. ఒక్క లారీ మీద ఇల్లు నడుచు కుటుంబమున బండి పది రోజులు నిలిచినచో నెల వాయిదా నిలుచును, పిల్లల ఫీజు నిలుచును. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ పత్రము పొందవలసియున్నది. నల్ల పొగ అచ్చటను అడ్డు వచ్చును. బండి ఇంటికి వచ్చిన దినమున "ఆయిలు ఎంత పోసినారు, పొగ ఏ రంగున వచ్చుచున్నది, ఫిల్టరు ఎన్నడు మార్చినారు" అని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను పద్దు పుస్తకమున తేదీతో వ్రాసియుంచుట ఇంటివారెవరైనను చేయదగిన పని. పోయిన నెల రెండు లీటర్లు పోసినచోట ఈ నెల ఐదు లీటర్లు పోసినారని ఆ పుస్తకము చెప్పును. రోగము ముదురక ముందే తెలియును. మిస్త్రీకి చూపించునపుడు ఊహలు కాక లెక్కలు చేత ఉండును. మంచి మిస్త్రీ ఆ లెక్కలను చూచి సంతోషించును. వాటిని చూడకుండనే "టర్బో మార్చాలె" అనువాని వద్ద బండిని విప్పనీయకుండ, మరియొక చోట చూపించుకొనుట మేలు.